తడిపి గంపలో పెట్టాను

ఫిబ్రవరి 3, సోమవారం

సీసాల అమ్మాయి నాకు ఒక నోటుపుస్తకం ఇవ్వబోయి రెండు ఇచ్చింది. అట్టలు అతుక్కుపోయి ఉన్నాయి, చూసుకోలేదు. ఒకదానిలో ఏ రోజు ఎన్ని డబ్బాల నీళ్లు పోశానో, ఎరువు ఎప్పుడు వేశానో, ఆకు ఎప్పుడు కోశానో గళ్లలో రాయాలి. అది వాళ్లది. రెండోది తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఇవ్వబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో నేను మాట్లాడేది గోడలతోనే. కాగితమైతే చెప్పింది దాచుకుంటుంది కదా అనిపించింది.

ఎవరూ చదవరు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. పోయిన బుధవారం మోటారు షెడ్డు దగ్గర మీటింగు పెట్టారు. బడి వంటశాలలో తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లలంతా తేరుకున్నారు గాని, ఆకుకూర మీద అనుమానం వచ్చింది. మురుగు కాలువ పక్కన కూరలు పండించే ఇరవై రెండు ఇళ్లవాళ్లం ముందురోజే కూడబలుక్కున్నాం, ఎవరడిగినా బోరు నీళ్లని చెప్పాలని. ఆఫీసరు వరసగా అడుగుతూ వచ్చాడు. బోరు, బోరు, బోరు. నా వంతు వచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు.

"కాలువ నీళ్లేనండి. ముప్పై ఏళ్లుగా అవే" అన్నాను.

మళ్లన్నీ దున్నించేస్తానన్నాడు ఆఫీసరు. సీసాల అమ్మాయి అడ్డుపడింది. ఆ పేరు మేం పెట్టిందే, నీళ్లయినా మట్టయినా ఆకయినా సీసాలో వేసుకుని పరీక్షకు పట్టుకుపోతుంది. కాలువ మార్చలేకపోయినా నీళ్లు వాడే తీరు మారిస్తే ఆకు బాగుపడుతుందని, ఒకరి మడిలో చేసి చూపిస్తానని అంది. ఎవరి మడి అంటే ఒక్కరూ చెయ్యెత్తలేదు. నేనెత్తాను. మూడు పరీక్షలు చేస్తారు. రెండు నెగ్గితే అందరి మళ్లూ ఉంటాయి. లేదంటే అందరివీ పోతాయి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరి నోట్లో మట్టి కొట్టావు కదా బావా" అన్నాడు మా బావమరిది. వాడి మడి నా మడిని ఆనుకునే ఉంటుంది. వాడు నాతో అన్న చివరి మాట అదే.

నిజం చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అంతకుమించి కారణమేమీ లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

మూడు గుంటలు తవ్వాలి. కాలువ నీళ్లు మొదటి గుంటలో పడి నిలబడతాయి. మడ్డి దిగాక పైనున్నవి రెండోదానిలోకి, అక్కణ్ణుంచి మూడోదానిలోకి. కదలకుండా రోజుల తరబడి నిలిస్తే పురుగుల గుడ్లూ మలినమూ అడుగుకు దిగుతాయట. మూడో గుంటలో పైకి తేరిన నీళ్లే మళ్లకు పోయాలి.

ఒకటి తవ్వాను. పక్క మడిలో బావమరిది గొట్టం చిల్లులకు అతుకులు వేసుకుంటూ కూర్చున్నాడు. ఇదివరకు నేను గునపం దించిన చప్పుడు వింటే చాలు, "జరుగు బావా, నువ్వు తవ్వితే గుంట కాదు, బొద్దింక కన్నం వస్తుంది" అంటూ లాక్కునేవాడు. ఇవాళ అతుకులేసుకున్నాడు. ఒక్క గొట్టానికి అన్ని చిల్లులు ఉండవు.

నడుము పట్టేసింది. మందు రాసుకుందామంటే వీపు మీద ఎటునుంచి పెట్టినా చెయ్యి అందని చోటొకటి ఉంది. మనిషి పెళ్లి చేసుకునేది అందుకేనేమో.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ ఎవరూ మాట్లాడలేదు. కుళాయి దగ్గర ఒకామె "జరగండి" అంది. అది లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 12, బుధవారం

సీసాల అమ్మాయి వచ్చి గుంటలు చూసి బాగున్నాయంది. నా డబ్బా మూతికున్న చిల్లుల బిళ్లను ఊడబీకి సంచిలో వేసుకుంది. ఇకమీదట ఆకు మీద జల్లకూడదట, డబ్బాను వంచి మొదట్లో మెల్లగా పోయాలట. కొత్త పేడ వేయకూడదు. కోతకు నాలుగు రోజుల ముందు నీళ్లు పూర్తిగా ఆపేయాలి, ఆ నాలుగు రోజుల ఎండ ఆకు మీది క్రిముల్ని చంపేస్తుందట. కాలువలో ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయేమోనని వేరేగా పరీక్ష చేయించిందట, లేవంది. ఇళ్ల మురుగే కాబట్టి ఈ పద్ధతులు పనిచేస్తాయని చెప్పింది.

నన్ను బాబాయ్ అంటుంది. వరస పెట్టి పిలిచేవాళ్లు ఒకరైనా ఉన్నారు. బావమరిదికి వరస చచ్చి పద్నాలుగు రోజులైంది. నేనేం లెక్కపెట్టడం లేదు, వాళ్ల నోటుపుస్తకంలో తేదీలు వేస్తుంటే అదే తెలిసిపోతోంది.

వంగి వంగి మొదళ్లలో నీళ్లు పోయడానికి రెండింతల సమయం పట్టింది. మంచిదే. ఇంటికి త్వరగా పోయి చేసేదేముంది.

ఫిబ్రవరి 20, గురువారం

మొదటి కోత. నాలుగు రోజులు నీళ్లు మానేసరికి పాలకూర చెవులు వాల్చేసింది. కొత్తిమీర మరీ అన్యాయం, పరీక్ష తప్పిన పిల్లాడిలా తల వేలాడేసుకుని ఉంది. అలా తీసుకుపోతే మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు.

కట్టలు కట్టుకుని గట్టు దిగి మెట్టు దగ్గరికి పోయి, మా ఆవిడ రాయి మీద కూర్చున్నాను. ఆ పలకరాయిని ఇరవై ఏళ్ల కిందట బావమరిదీ నేనూ రోడ్డు పక్కన విరగ్గొట్టిన కాలిబాట నుంచి మోసుకొచ్చాం. ఒక్కడి వల్ల కదిలేది కాదు. దారి పొడుగునా వాడు సణుగుడే.

"నీ పెళ్లాం కూర్చోవడానికి నా నడుం విరగాలా బావా?"

"ఇన్నేళ్లలో ఆ నడుం ఒక్క పనికి వంచావురా? విరిగితే నష్టమేంటి?" అంది ఆమె. సొంత తమ్ముణ్ణి ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే.

ఆ రాయి మీద కూర్చునే కట్టలు సర్దేది. కొంగు బొడ్లో దోపుకుని, కట్టను తలకిందులుగా పట్టుకుని రెండు ముంపులు, ఒక విదిలింపు. గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. నేను ఆమెలా విదిలించలేను, సగం నీళ్లు నా ముఖం మీదే పడతాయి. ఆ పని చేసేటప్పుడే రోజు కబుర్లన్నీ చెబుతాను. ఇవాళ గుంటల సంగతి, వాడి గొట్టం అతుకుల సంగతి చెప్పాను. తడిపి గంపలో పెట్టాను. ఆకు లేచి కూర్చుంది.

ఫిబ్రవరి 24, సోమవారం

మొదటి పరీక్ష నెగ్గాం. పోయిన గురువారం మడిలో నుంచే ఆకు తెంపుకుపోయింది అమ్మాయి. ఇవాళ కాగితం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. కాగితం మీద ఉన్నవి నాకు అర్థం కాలేదు, ఆ పిల్ల ముఖం అర్థమైంది.

చెబుదామని బావమరిది మడి గట్టు దాకా వెళ్లాను. వాడు లోపలికి చూసుకుంటూ ముల్లంగి పీకుతున్నాడు. తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుని ఆమెకు చెప్పాను. కట్టలు తడిపి గంపలో పెట్టాను.

మార్చి 3, సోమవారం

కోత. తడిపి గంపలో పెట్టాను. చెప్పడానికి ఏమీ లేకపోయినా చాలాసేపు కూర్చున్నాను.

మార్చి 10, సోమవారం

రెండో పరీక్షకు ఆకును ఈసారి అమ్మాయి మార్కెట్లో, గంపలో నుంచే తీసుకుంది. తినేవాళ్ల చేతికి అందేది గంపలో ఆకే కదా బాబాయ్ అంది. తీసుకోమ్మా, గంపైతేనేం, మడైతేనేం అన్నాను. గర్వంగానే అన్నాను.

మార్చి 13, గురువారం

తప్పింది.

మార్చి 14, శుక్రవారం

నిన్న ఏమీ రాయలేకపోయాను. మొదటిసారి దాదాపు ఏమీ కనబడని చోట ఈసారి క్రిములు లెక్కకు మించి ఉన్నాయట. మడిలో శుభ్రంగా ఉన్న ఆకు గంపలోకి వచ్చేసరికి పాడైంది. అంటే మధ్యలో ఏదో జరిగింది.

రోజంతా ఆలోచించాను. గుంటలు సరిగానే ఉన్నాయి. నీళ్లు మొదట్లోనే పోశాను. నాలుగు రోజులు ఆపాను. వాళ్ల నోటుపుస్తకంలో ఒక్క గడి ఖాళీగా లేదు. నా వైపు తప్పు లేదు.

సోమవారం మార్కెట్లో నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి బావమరిది నా గంప దగ్గర ఉన్నాడు. రెండు చేతులూ గంప మీద ఉన్నాయి. వాడి పక్కనే ఆకు మీద చల్లుకునే బకెట్టు, దాని నిండా కాలువ నీళ్లు. నన్ను చూసి తన చోటుకు పోయాడు. అప్పుడు అనుమానం రాలేదు. ఇప్పుడు వస్తోంది.

వాడు అలాంటి పని చేయడు. చేయడని ఇంతకుముందు అనుకునేవాణ్ణి.

మార్చి 17, సోమవారం

అనేశాను. మార్కెట్లో, అందరి ముందూ. నా గంప మీద ఎందుకు చెయ్యి వేశావు, ఏం చల్లావు అని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నెలన్నరగా వాడకపోతే అలాగే అవుతుంది కాబోలు.

వాడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఎండ పడుతోందని నీడలోకి జరిపాను. వాడిపోతే అమ్ముడుపోదు కదా అని" అన్నాడు. తర్వాత తువ్వాలు దులుపుకుని, "తప్పైపోయిందండీ. ఇకమీదట మీ గంప మీరే చూసుకోండి" అన్నాడు.

అండీ అన్నాడు. మీరు అన్నాడు. పెళ్లి పీటల మీద నా జేబులోని కళ్లజోడు కొట్టేసి నన్ను గుడ్డివాణ్ణి చేసినవాడు, ముప్పై ఏళ్లలో నన్ను ఒక్కనాడు గౌరవించని వాడు, మీరు అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదు వాడి వాలకం. అయినా నేను అన్నది తప్పని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మార్చి 19, బుధవారం

అన్నం ఎక్కువ వండాను. ఇద్దరికి సరిపడా వండే అలవాటు పోయిందనుకున్నాను.

మార్చి 24, సోమవారం

సీసాల అమ్మాయి పొద్దున్నే వచ్చి, ఇవాళంతా మీ వెనకే తిరుగుతాను బాబాయ్, అంది. కోసిన దగ్గర్నుంచి గంప మార్కెట్లో దిగేదాకా, అడుగడుగుకీ ఒక సీసా నింపుకుంటుందట. నాకు సంతోషమే. దొంగ దొరుకుతాడు, నా మాట నిలబడుతుంది అనుకున్నాను. పైగా రోజంతా పక్కన ఒక మనిషి.

మడిలో ఒక సీసా. కొడవలి తుడిచి ఒక సీసా. గోనె మీద పేర్చాక ఒకటి. నేను కట్టలెత్తుకుని మెట్టు దగ్గరికి పోయాను, అదీ వచ్చింది. రాయి మీద కూర్చున్నాను. ఆ పిల్ల ముందు ఆమెతో మాట్లాడలేక ఊరుకున్నాను గాని, పని ఆపలేదు. రెండు ముంపులు, ఒక విదిలింపు.

"బాబాయ్, ఇదేంటి?"

"ఏది?"

"మీరు చేస్తున్నది."

"ఏమీ చేయడం లేదమ్మా, తడుపుతున్నా" అన్నాను.

 అది ఈసారి సీసా తీయలేదు. పక్కన మెట్టు మీద కూర్చుని కాలువ వంక చూసింది. అప్పుడు నేనూ చూశాను. ముప్పై ఏళ్లుగా చూస్తున్న నీళ్లే. చేతిలో కట్ట ఉంది, దాన్నుంచి నీళ్లు కారి మళ్లీ కాలువలోనే పడుతున్నాయి.

"మరి నాకు రాసి ఇవ్వలేదేం?" అంది.

"గడి లేదు" అన్నాను. నిజంగానే లేదు. నీళ్లు పోయడానికి గడి ఉంది, ఎరువుకు ఉంది, కోతకు ఉంది. తడపడానికి లేదు. ఉన్నా రాసేవాణ్ణి కానేమో. అది నా దృష్టిలో పని కాదు. ఆమె దగ్గర కూర్చోవడం, అంతే.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. తడిపి గంపలో పెట్టాను. తడిపి గంపలో పెట్టాను. నా చేత్తో నేనే రాసుకున్నాను. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మార్చి 25, మంగళవారం

నాలుగు రోజులు నీళ్లు ఆపితే ఆకు శుభ్రమవుతుంది, వాడుతుంది. వాడింది కాబట్టి కాలువలో ముంచుతాను. ఎంత శ్రద్ధగా ఆపితే అంత బాగా ముంచాలి. సీసాల అమ్మాయి దీన్ని కాగితం మీద రాసుకుంది. ఆ పద్ధతి నా భార్య నేర్పిందని రాయొద్దమ్మా అని అడిగాను. 'కోత తర్వాత తడపడం' అని మాత్రం రాసింది. మంచి పిల్ల.

నిజం చెప్పడం నా జబ్బని ఈ పుస్తకం మొదట్లో రాశాను. అబద్ధం. బడి వంటశాలకు ఆ రోజు వెళ్లిన గంప నాది. మీటింగుకు ముందే నాకు తెలుసు. ఆఫీసరు అడిగినప్పుడు నా నోరు తెరిపించింది నిజాయితీ కాదు, ఆ పిల్లల వాంతులు. నీళ్లదే తప్పని చెప్పేస్తే తప్పు కాలువది అవుతుంది, నా గంపది కాదనుకున్నాను. ఇప్పుడు తెలిసింది కాలువను గంపలోకి మోసింది ఎవరో.

ఆమె కూడా ముంచింది. ఉన్నన్నాళ్లూ. ఆమెకు తెలియదు. తెలిస్తే అంతదూరం కుళాయి దాకా నడిచైనా పోయేది, ఇరుగుపొరుగు పిల్లలకు ముల్లంగి ఇవ్వాలన్నా పైన మట్టి గోకి ఇచ్చే మనిషి. నాకూ తెలియదు గాని, ఆమెకు తెలియకపోవడం వేరు, నాకు తెలియకపోవడం వేరు అనిపిస్తోంది. ఎందుకో చెప్పలేను. ఏడ్చాను. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను, తగ్గలేదు.

మార్చి 27, గురువారం

మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లాను. నీళ్లు వదిలే వేళ కాబట్టి అందరూ అక్కడే ఉంటారు. నన్ను చూసి మాటలు ఆగిపోయాయి. కూర్చోమని ఎవరూ అనలేదు, నిలబడే చెప్పాను. బడికి వెళ్లిన గంప నాదని చెప్పాను. పరీక్ష తప్పడానికి కారణం నేనేనని, కట్టలు కాలువలో ముంచానని చెప్పాను. బావమరిదిని అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే, వాడి తప్పు లేదు, నన్ను క్షమించమని అడిగాను.

గోల చేస్తారనుకున్నాను. ఒక్కరూ నోరెత్తలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. ముంచనివాళ్లు అక్కడ ఎవరున్నారు? ఆమె దగ్గర చూసి నేర్చుకున్నవాళ్లే సగం మంది.

చివరికి మోటారు నడిపే ఆయన అడిగాడు. "మరి ముంచకపోతే వాడిపోయిన ఆకు ఎవడు కొంటాడు?"

రోడ్డు మీది కుళాయి నుంచి డ్రమ్ము నింపుకుని అందులో ముంచాలని చెప్పాను. ఆయన మీసం లాక్కున్నాడు. అంతదూరం నీళ్లు ఎవరు మోస్తారన్నారు ఎవరో. నేను మోస్తానన్నాను.

బావమరిది గోడకు ఆనుకుని వింటున్నాడు.  నేను వచ్చేస్తుంటే చూపు తిప్పుకున్నాడు. సరే. చెప్పాల్సింది చెప్పాను, వాడి ఇష్టం.

మార్చి 31, సోమవారం

డ్రమ్ము కుళాయి పక్కనే పెట్టాను. దాని మూతి కడిగాను, గంప కడిగి ఎండబెట్టాను. కట్టల్ని రెండు ముంపులు ముంచి ఒకసారి విదిలించాను. నిలబడే చేశాను. రోడ్డు మీద బళ్ల చప్పుడు, పక్కన బిందెల వాళ్లు. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను, చోటు అలాంటిది. మూడో పరీక్షకు గంపలో నుంచి ఆకు తీసుకుంది అమ్మాయి. సీసా మూత రెండుసార్లు బిగించి చూసుకుంది. నాకు భయం కంటే వెలితే ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

నెగ్గాం. మళ్లు ఉంటాయి. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు. అందరి మళ్లలోనూ గుంటలు తవ్వాలని, కుళాయి దగ్గర ఇంకో మూడు డ్రమ్ములు పెట్టిస్తానని చెప్పాడు.

షెడ్డు దగ్గర నవ్వులు నా మడి దాకా వినిపించాయి. మోటారాయన గట్టు మీద నుంచి చెయ్యి ఊపాడు. అంతే. ఎవరూ రాలేదు. రావాలని నేను అనుకోలేదు. కాసేపు గట్టు వైపు తిరిగి పని చేసుకున్నాను, ఎండ అటు తక్కువని.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆమె రాయి కదిలించబోయాను. కుళాయి దగ్గర వేసుకుందామని. గునపం పెట్టి ఎత్తితే ఒక మూల లేచి మళ్లీ కూర్చుంది. గునపం జారి బొటనవేలు చితికింది. ఒక్కడి వల్ల కాదని ఇరవై ఏళ్ల కిందటే తెలుసు. వదిలేశాను. రాయిదేముంది.

ఏప్రిల్ 7, సోమవారం

కోత ఉంది కాబట్టి తెల్లవారాక మెట్టు పక్కనుంచే కుళాయికి నడుస్తున్నాను. రాయి చుట్టూ మట్టి తవ్వేసి ఉంది. బావమరిది మోకాళ్ల మీద కూర్చుని రాయి కింద తాడు దూరుస్తున్నాడు. నా బొటనవేలి గుడ్డ వంక చూశాడు, నేను పెళ్లగించిన మట్టి వంక చూశాడు. నేను గంప దించి అవతలి పక్కకు పోయి వంగాను.

"ఎత్తు బావా" అన్నాడు.

ఎత్తాను. దారిలో రెండుచోట్ల దించి ఊపిరి తీసుకున్నాం. ఈసారి వాడి సణుగుడు లేదు. డ్రమ్ము పక్కన వేసి, ఊగకుండా కింద పెంకులు సర్దాడు. తర్వాత వెళ్లి తన కట్టలు తెచ్చుకుని దాని మీద కూర్చుని ముంచుకున్నాడు. అచ్చం ఆమెలాగే విదిలిస్తాడు వెధవ, ఒక్క చుక్క ముఖం మీద పడదు. నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.

మార్కెట్లో అన్న అండీని వదిలేస్తే, అరవై ఎనిమిది రోజులకు రెండు మాటలు. లెక్కపెట్టాను.